రేవు దాటిన మాటలు
(మాసిపోయిన ఒక సముద్రపు భాష కథ)

సఖినేటిపల్లి రేవులో నిలబడి వశిష్ఠ గోదావరి ఆవలి ఒడ్డుకు చూస్తే మాధవాయిపాలెం కనబడుతుంది. నరసాపురాన్ని ఆనుకొని ఉన్న చిన్న ఊరది. రాజోలు ప్రాంతపు జనం తరతరాలుగా ఆ రేవు దాటుతూ వచ్చారు. కాని ఆ ఊరి పేరు పోర్చుగీసు భాషా నిఘంటువులో ఉన్నదన్న సంగతి వారిలో చాలమందికి తెలియదు. ఆ నిఘంటువులో ‘మదపొలావ్’ అనే మాట ఉన్నది. ఒక రకమైన తెల్లని నూలుబట్ట అని దానికి అర్థం. ఫ్రెంచివారు దానినే ‘మదపొలాం’ అంటారు. స్పెయిను దేశస్థులు ‘మదపొలాన్’ అంటారు. 17వ శతాబ్దిలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు ఈ ఊళ్ళో వర్తకశాల పెట్టి, చుట్టుపట్ల నేతగాండ్రచేత బట్టలు నేయించి ఓడల మీద ఎగుమతి చేసేవారు. ఊరి పేరే బట్టకు పేరయి, ఆ బట్టతోపాటు ఖండాంతరాలకు వెళ్ళినది.

మాటలు వెళ్ళడమే కాదు, రావడం కూడా జరిగినది. రాజోలులో ఇల్లు కట్టించే గృహస్థు ముందుగా ‘మేస్త్రి’ని పిలుస్తాడు. గోడలో ‘అలమర’ పెట్టమంటాడు. స్నానం చేసి ‘తువాలు’తో ఒళ్ళు తుడుచుకొంటాడు. ‘ఇస్త్రీ’ చేసిన చొక్కా తొడిగి ‘బొత్తాములు’ పెట్టుకొంటాడు. రేవు పాటను ‘వేలం’ వేస్తున్నారని తెలిస్తే అక్కడికి వెళ్తాడు. ఈ ఆరు మాటలూ తెలుగు మాటలు కావు, సంస్కృతం నుంచి వచ్చినవీ కావు. వీటి మూలం పోర్చుగీసు. చిత్రమేమంటే పోర్చుగీసు రాజ్యం ఈ గోదావరి రేవులను ఏనాడూ ఏలలేదు. ఏలని వారి మాటలు ఇంటింటా ఎట్లా నిలిచాయి? ఆ మాటలను తెచ్చిన భాష ఏమయినది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదికితే, భాషలు ఎట్లా మాసిపోతాయో, మాసిపోతూ ఏమి వదలిపెడతాయో కొంత తెలుస్తుంది.

ఉత్తర సముద్రంలో ఒక భాష

ముందుగా దూరదేశపు ఉదాహరణ ఒకటి చూడటం మంచిది. స్కాట్లండుకు ఉత్తరాన ఆర్క్నీ, షెట్లాండ్ అనే దీవుల గుంపులు రెండు ఉన్నవి. క్రీ. శ. 9వ శతాబ్ది ప్రాంతంలో నార్వే నుంచి నావికులు, రైతులు వచ్చి అక్కడ స్థిరపడ్డారు. వారు తెచ్చుకొన్న స్కాండినేవియా భాష కాలక్రమాన ‘నోర్న్’ అనే ప్రత్యేక భాష అయినది. ఫారో దీవుల భాషకు, నైరృతి నార్వే మాండలికాలకు అది దగ్గరి చుట్టం.

డెన్మార్కు, నార్వే దేశాల రాజయిన మొదటి క్రిస్టియన్ తన కుమార్తెను స్కాట్లండు రాజు మూడవ జేమ్సుకు ఇచ్చి పెండ్లి చేస్తూ, కట్నం సొమ్ము చేతిలో లేక 1468లో ఆర్క్నీని, 1469లో షెట్లాండును తాకట్టు పెట్టాడు. ఆ తాకట్టు మరి విడిపించలేదు. క్రమంగా న్యాయస్థానంలో, చర్చిలో, భూమి పత్రాలలో స్కాట్లండు వారి భాష ప్రవేశించినది. పిల్లలు పెద్ద మనుషుల భాష నేర్చుకొన్నారు. ఇంటి భాష ముసలివారికి మిగిలినది. జార్జి లో అనే మతాచార్యుడు 1774లో షెట్లాండులోని ఫూలా దీవికి వెళ్ళి, ఒక వృద్ధుని నోట ‘హిల్డినా’ అనే 35 చరణాల గాథ విని వ్రాసుకొన్నాడు. లోకు ఆ భాష తెలియదు. పాడిన వృద్ధునికీ చరణం చరణానికీ అర్థం చెప్పే శక్తి లేకపోయినది. 1850 ప్రాంతంలో మరణించిన వాల్టర్ సదర్లాండ్ అనే ఆయనను నోర్న్ మాట్లాడిన చివరి వ్యక్తిగా చెబుతారు.

అయినా కథ అంతటితో ముగియలేదు. ఫారో దీవులలో పుట్టిన యాకోబ్ యాకోబ్సెన్ అనే భాషాశాస్త్రజ్ఞుడు 1893 నుంచి 1895 వరకు షెట్లాండులో ఊరూరా తిరిగి, జాలరులను, గొఱ్ఱెల కాపరులను ప్రశ్నించి, సుమారు 10,000 నోర్న్ మాటలు సేకరించాడు. భాష పోయిన నలభై యేండ్లకు అన్ని మాటలు ఇంకా ప్రజల నోళ్ళలో ఉన్నవి! గాలి రకాల పేర్లు, గొఱ్ఱెల రంగుల పేర్లు, పడవ భాగాల పేర్లు, సముద్రపు పాయల పేర్లు అన్నీ నోర్న్ నుంచి వచ్చినవే. ఊళ్ళ పేర్లూ దాదాపు అన్నీ అవే.

భాష పోవటం వేరు, మాటలు పోవటం వేరు అని దీనివల్ల గ్రహించాలి. తల్లి బిడ్డతో ఆ భాషలో మాట్లాడటం మానిన నాడు భాష పోతుంది. మాటలు మాత్రం వేరొక భాషలో చేరి చాలకాలం బ్రతుకుతాయి.

తూర్పు తీరానికి వచ్చిన భాష

వాస్కో డ గామా 1498లో కళ్ళికోటకు చేరాడు. తరువాత కొద్దికాలంలోనే పోర్చుగీసు వర్తకులు తూర్పు తీరానికి వచ్చి పులికాటులో, మైలాపూరులో స్థిరపడ్డారు. ఓడలలో ఇంటి ఆడవారు రావటం అరుదు కాబట్టి, వచ్చినవారు ఇక్కడి స్త్రీలను పెండ్లాడారు. వారి సంతానం ఒక కొత్త సంఘమయినది. నావికులుగా, తుపాకిదారులుగా, గుమాస్తాలుగా, దుబాసీలుగా వారు రేవు రేవుకూ వెళ్ళారు. ‘దుబాసి’ అనగా ద్విభాషి, రెండు భాషల మధ్య మాట మోసేవాడు.

తరువాత పోర్చుగీసు బలం తగ్గినది. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో మచిలీపట్నంలో వర్తకశాలలు పెట్టారు. గోదావరి పాయల మీద కూడ వర్తకశాలలు వెలిసినవి. డచ్చివారు పాలకొల్లులో, ఇంగ్లీషువారు మాధవాయిపాలెంలో, ఆ తరువాత కోనసీమలోని బెండమూర్లంకలో దిగారు. నరసాపురంలో ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. డచ్చివారు పోర్చుగీసువారి చేతి నుంచి 1658లో నాగపట్నాన్ని, 1663లో కొచ్చిని లాగుకొన్నారు.

రాజ్యం పోయినది, భాష మాత్రం పోలేదు. కొత్తగా దిగిన డచ్చి గుమాస్తాకు తెలుగు రాదు, తెలుగు వర్తకునికి డచ్చి రాదు. ఇద్దరి మధ్య నిలబడిన దుబాసీకి వచ్చిన పాశ్చాత్య భాష పోర్చుగీసు ఒక్కటే. కాబట్టి శత్రువు భాష అయినా దానినే వాడుకోవలసి వచ్చినది. ఈ అవసరం ఎంతటిదో తెలియాలంటే 1698 నాటి ఈస్టిండియా కంపెనీ అధికారపత్రాన్ని చూడాలి. హిందూదేశానికి పంపే మతాచార్యులు వచ్చిన ఏడాదిలోపల పోర్చుగీసు భాష నేర్చుకొనవలెనని అందులో నిబంధన ఉన్నది. ఇంగ్లీషు రాజు ఇచ్చిన పత్రంలో, ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగులకు పోర్చుగీసు నేర్చుకోమని ఆజ్ఞ!

తంజావూరు తీరాన తరంగంబాడిలో కూడ ఇదే జరిగినది. అది డెన్మార్కు రాజు రేవు. ఆర్క్నీ, షెట్లాండులను తాకట్టు పెట్టిన రాజవంశమే పంపిన మత ప్రచారకులు 1706లో అక్కడికి చేరారు. వారూ ముందుగా పోర్చుగీసు నేర్చుకొని, ఆ భాషలో బడి పెట్టవలసి వచ్చినది.

మిశ్రభాష ఎట్లా పుడుతుంది?

రేవులలో వినిపించిన పోర్చుగీసు లిస్బన్ నగరపు పోర్చుగీసు కాదు. భిన్న భాషలవారు బేరం కోసం కలిసినప్పుడు, ఒక భాషలోని మాటలు తీసుకొని, దాని వ్యాకరణపు చిక్కులు వదలివేసి, పొడి పొడిగా మాట్లాడుకొంటారు. దీనిని భాషాశాస్త్రజ్ఞులు ‘పిజిన్’ అంటారు. ఇది ఎవరికీ ఇంటి భాష కాదు. అటువంటి మాటల మధ్యనే పిల్లలు పుట్టి పెరిగితే, వారి నోట అది సంపూర్ణమైన భాష అవుతుంది. అప్పుడు దానిని ‘క్రియోల్’ అంటారు. మనం మిశ్రభాష అని చెప్పుకోవచ్చును.

ఒక ఉదాహరణ చూద్దాం. పోర్చుగీసులో ‘చూచు’ అనే అర్థం గల క్రియకు నేను, నీవు, అతడు, మనము మొదలయిన కర్తలను బట్టి చివర అక్షరాలు మారుతూ ఉంటాయి. భూతకాలానికి వేరొక వరుస, భవిష్యత్తుకు మరొక వరుస కంఠస్థం చేయాలి. సింహళద్వీపంలోని పోర్చుగీసు మిశ్రభాషలో ఇంత బాధ లేదు. ‘ఓల్యా’ అనే ఒకే రూపం అందరికీ చెల్లుతుంది. దానికి ముందు ‘తా’ చేర్చితే చూడటం జరుగుతున్నదని, ‘జా’ చేర్చితే జరిగినదని, ‘లో’ చేర్చితే జరుగబోతున్నదని అర్థం.

దీనిని ‘చెడిపోయిన పోర్చుగీసు’ అని ఆనాటి పండితులు ఈసడించారు. అది పొరపాటు. ఈ భాషకు తనదైన నియమం ఉన్నది. పైగా చుట్టూ ఉన్న భాషల నుంచి అది కొత్త నియమాలు కూడ నేర్చుకొన్నది. యూరపు భాషలలో సాధారణంగా క్రియ వాక్యం నడుమ వస్తుంది. సింహళద్వీపంలోను, మహారాష్ట్ర తీరాన కొర్లయి గ్రామంలోను ఉన్న మిశ్రభాషలలో క్రియ మన వాక్యంలో వలె చివరకు చేరినది. ఒళ్ళంతా పోర్చుగీసు మాటలే, వాక్యపు నడక మాత్రం మన దేశానిది. రెండు నదులు కలిసిన చోట నీరు ఎవరిది అని అడగలేనట్లే, ఇటువంటి భాష ఎవరిది అని అడగటం కష్టం.

మాట పుట్టుక తెలుసుకొనే మార్గాలు

‘అలమర’ పోర్చుగీసు మాట అని ఎట్లా చెప్పగలం? ఊహతో చెప్పేది శాస్త్రం కాదు. భాషాశాస్త్రజ్ఞులు కనీసం మూడు పరీక్షలు పెడతారు.

మొదటిది ధ్వని పరీక్ష. పోర్చుగీసులో చాల నామవాచకాలు ముక్కుతో పలికే ‘ఆవ్’ ధ్వనితో ముగుస్తాయి. దానిని తెలుగువారు ‘ఆము’గానో ‘అము’గానో విన్నారు. ‘బొతావ్’ అనేది ‘బొత్తాము’ అయినది. ‘లెయిలావ్’ అనేది మొదటి లకారం పోగొట్టుకొని తమిళంలో ‘ఏలం’, తెలుగులో ‘వేలము’ అయినది. ఒక్క మాట పోలితే కాకతాళీయం కావచ్చును; మార్పు ఒక వరుసలో నడిస్తే అది సాక్ష్యం.

రెండవది వస్తు పరీక్ష. మాటతోపాటు వస్తువు కూడ వచ్చినదా అని చూడాలి. అనాసపండు అమెరికా ఖండపు పంట. దానిని ఈ దేశానికి తెచ్చినవారు పోర్చుగీసువారు. పండుతోపాటు ‘అననాష్’ అనే పేరూ వచ్చినది. ఆ పేరు కూడ వారి సొంతం కాదు. బ్రెజిలు దేశపు ఆదివాసుల నుంచి వారు నేర్చుకొన్నది. బొప్పాయి సంగతీ ఇటువంటిదే.

మూడవది ఇరుగు పొరుగు పరీక్ష. ఆ మాట పోర్చుగీసువారు తిరిగిన ఇతర రేవులలో కూడ ఉన్నదా అని చూడాలి. ‘మెస్త్రె’ అనే పోర్చుగీసు మాటకు పనిలో ఆరితేరినవాడు, గురువు అని అర్థం. మన మేస్త్రి, తమిళుల మేస్తిరి, హిందీ వారి మిస్త్రీ ఒకే చోటి నుంచి బయలుదేరినవారే. గోవాకు చెందిన సెబాస్టియావ్ రొడాల్ఫో దల్గాదో అనే పండితుడు తెలుగుతో సహా అనేక ఆసియా భాషలను ఈ విధంగా పోల్చి చూచి, వాటిలోని పోర్చుగీసు మాటలను గురించి 1913లో పెద్ద గ్రంథం ప్రకటించాడు.

ఈ మూడు పరీక్షలకూ నిలిచిన మాటలలో తెలుగువారికి నిత్యపరిచితమైనవి ఇంకా ఉన్నవి. ‘తోయాల్య’ తువాలు అయినది. ‘పీప’ పీపా అయినది. తండ్రి అని అర్థం గల ‘పాద్రె’ పాదిరి అయినది. ‘బాల్దె’ హిందీలో బాల్టీగాను, తెలుగులో బాల్చిగాను నిలిచినది. బట్టను సాగదీయటం అనే అర్థంలో ఉన్న ‘ఎస్తిరార్’ నుంచి ఇస్త్రీ వచ్చినది. అయితే ఇవన్నీ వశిష్ఠ రేవులోనే దిగినవని అనుకోరాదు. కొన్ని తమిళదేశం మీదుగా, కొన్ని హిందూస్తానీ మీదుగా వచ్చి ఉంటాయి.

జాగ్రత్త కూడ అవసరం. ‘సబ్బు’ను చూడండి. లాటిను భాషలోని ఒక మాట నుంచి పోర్చుగీసు ‘సబావ్’, అరబ్బీ ‘సాబూన్’ రెండూ వచ్చినవి. మన సబ్బు ఏ తలుపు నుంచి లోపలికి వచ్చినదో నిర్ణయించటం తేలిక కాదు. ‘తుపాకి’ పరంగివారి ఆయుధం కాబట్టి వారి మాటే అనుకొంటారు. కాని అది తురుష్కభాష నుంచి వచ్చినది. ‘పరంగి’ కూడ పోర్చుగీసు మాట కాదు. ఫ్రాంకులు అనే జాతి పేరును అరబ్బులు, పారసీకులు పలికిన తీరు అది.

మిగిలినవి, మిగలనివి

మాటలను ఏరటంతోనే పని పూర్తి కాదు. ఏ రకపు మాటలు మిగిలినవి, ఏ రకపువి మిగలలేదు అని చూచినప్పుడే వాటి వెనుక ఉన్న చరిత్ర బయటపడుతుంది.

తెలుగులోని పోర్చుగీసు మాటలన్నీ దాదాపు వస్తువుల పేర్లు, వృత్తుల పేర్లు. అంకెలు లేవు. చుట్టరికాలు లేవు. శరీరావయవాల పేర్లు లేవు. క్రియలు లేవు. ఇస్త్రీకి మూలం క్రియే అయినా, తెలుగులోకి వచ్చేసరికి అది నామవాచకమయినది. ‘ఇస్త్రీ చేయు’ అని క్రియను మనమే చేర్చుకొన్నాము. ఊళ్ళ పేర్లూ లేవు. గుడిమెళ్ళంక, మామిడికుదురు, తాటిపాక, చించినాడ, సఖినేటిపల్లి అంటూ రాజోలు చుట్టుపట్ల ఎంత తిరిగినా అన్నీ ఈ నేల పేర్లే.

మరింత ఆలోచింపదగినది పడవ మాటల సంగతి. పోర్చుగీసువారు సముద్రం మీదనే వచ్చారు కదా, వారి ఓడల మాటలు మన రేవులలో నిండి ఉండాలి. కాని లంగరు, సరంగు, కళాసి అనేవి పారసీ, అరబ్బీ భాషల వైపు నుంచి వచ్చినవి. పడవ, తెడ్డు, గడ, తెరచాప ముందునుంచి ఉన్నవే. పోర్చుగీసువారు రాకముందే ఈ సముద్రం మీద వర్తకం నడిచినది, దానికి కావలసిన మాటలు సిద్ధంగా ఉన్నవి. ఉన్నచోట అప్పు అవసరం లేదు. లేనిది ఇంటిలోపలి కొత్త సామాను. కాబట్టి అలమర వచ్చినది.

పొలంలోకి వచ్చిన కొత్త పంటలకు కూడ తెలుగువారు చాల వరకు సొంత పేర్లే పెట్టారు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడలలో వచ్చినది. కాని దాని కారం చూచి, తెలిసిన మిరియం మాటతోనే పేరు కల్పించారు. జీడిమామిడినీ పోర్చుగీసువారే తెచ్చారు. దాని పేరులో జీడి మనది, మామిడి మనది. పొగాకు పేరు విడదీస్తే పొగ, ఆకు.

ఇక డచ్చివారి సంగతి. పాలకొల్లులోను, మచిలీపట్నంలోను ఎంతోకాలం వర్తకం చేసి, 1825లో వారు తూర్పు తీరపు స్థావరాలను ఇంగ్లీషువారికి వదలి వెళ్ళారు. తెలుగులో వారి మాటలు అతి స్వల్పం. పేకాటలో కళావరు, ఆఠీను అనే రెండు పేర్లు డచ్చివారి క్లావర్, హార్టెన్ అనే మాటలను స్పష్టంగా పోలి ఉన్నవి. స్థావరం పెట్టినవారి మాటలు పేకముక్కల మీద మిగిలినవి. రాజ్యం లేనివారి మాటలు ఇల్లంతా నిండినవి. మాటలను మోసేది అధికారం కాదు, నిత్యవ్యవహారం అనటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. దుబాసీ నోట ఉన్నది పోర్చుగీసు, కాబట్టి మిగిలినదీ పోర్చుగీసే.

ఇప్పుడు నోర్న్‌తో పోల్చి చూడండి. షెట్లాండులో గాలికి, గొఱ్ఱెకు, కొండకు, పాయకు నోర్న్ పేర్లు మిగిలినవి. వస్తువుల పేర్లు మాత్రమే కాదు, నేల పేర్లే మిగిలినవి. ఎందువల్ల? అక్కడ భాష మార్చుకొన్నవారు ఆ నేల ప్రజలే. వారు కొత్త భాషలోకి మారుతూ, పాత భాషలోని అతి సన్నిహితమైన మాటలను వెంట తీసుకువెళ్ళారు. మన తీరంలో ప్రజలు భాష మార్చుకోలేదు. తెలుగులోనే ఉండి, కొత్త వస్తువులకు పేర్లు అప్పు తెచ్చుకొన్నారు. ఒకటి ఇల్లు మారినవారు వెంట తెచ్చుకొన్న సామాను, రెండవది ఇంట్లో ఉన్నవారు సంతలో కొన్న సామాను. మాటల మూటను విప్పి చూస్తే అది ఏ రకపు మూటో చెప్పవచ్చును.

ఇక్కడినుంచి వెళ్ళినవి

ఈ మార్గం మీద రాకపోకలు రెండువైపులా జరిగినవి. కోనసీమకు ప్రాణమయిన కొబ్బరినే తీసుకొందాం. ఎండుకొబ్బరిని ప్రపంచమంతా ‘కోప్రా’ అంటున్నది. మలయాళంలోని ‘కొప్పర’ను పోర్చుగీసువారు విని యూరపుకు చేర్చారు. అది మన ‘కొబ్బరి’కి సోదరి. పీచుతాటికి ఇంగ్లీషువారు వాడే ‘కాయర్’ కూడ మలయాళంలోని ‘కయరు’ పోర్చుగీసు మీదుగా ప్రయాణం చేసినదే. బెల్లానికి వాడే ‘జాగరీ’, తమలపాకుకు ‘బీటిల్’, టేకుకు ‘టీక్’, మామిడికి ‘మాంగో’ అన్నీ దక్షిణ భారతపు మాటలు, పోర్చుగీసు నోట పడి రూపు మారి యూరపు చేరినవి. పడమటి తీరం నుంచి ఇన్ని వెళ్ళగా, గోదావరి ఒడ్డు నుంచి వెళ్ళినది మాధవాయిపాలెం బట్ట.

చివరి మాట ఎప్పుడు?

ఇంగ్లీషువారి రాజ్యం స్థిరపడిన కొద్దీ దుబాసీలు ఇంగ్లీషు నేర్చారు. మిశ్రభాష మాట్లాడే కుటుంబాలవారు కూడ బడికోసం, ఉద్యోగం కోసం ఇంగ్లీషుకు మారారు. ఎవరూ నిషేధించలేదు. దానితో పని తగ్గినది, తగ్గిన పనిని పిల్లలు నేర్వలేదు. తూర్పు తీరపు రేవులలో అది నిశ్శబ్దంగా అంతరించినది.

పడమటి తీరంలో కొంత ఎక్కువ కాలం నిలిచినది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఉన్న హ్యూగో షూకార్ట్ అనే భాషాశాస్త్రజ్ఞుడు హిందూదేశానికి ఎన్నడూ రాకుండానే, ఉత్తరాల ద్వారా నమూనాలు తెప్పించుకొని, 1880వ దశకంలో కొచ్చి, డయ్యూ, మంగుళూరు, మాహె రేవుల మిశ్రభాషలను గురించి వ్రాశాడు. కొచ్చిలో పోర్చుగీసు రాజ్యం 1663లో పోయినది. అక్కడి మిశ్రభాష ఇంటి భాషగా నేర్చినవారిలో చివరివాడు, వైపీన్ దీవికి చెందిన ఒక వృద్ధుడు, 2010లో మరణించాడు. రాజ్యం పోయిన 347 ఏండ్లకు గాని భాష పోలేదు. 1740లో పోర్చుగీసువారు వదలి వెళ్ళిన కొర్లయి గ్రామంలో మాత్రం ఆ భాష ఇంకా వినిపిస్తున్నది. ఒక్క గ్రామం, కలసి ఉన్న ఒక చిన్న సంఘం, ఇంటిలో పిల్లలతో ఆ భాషే మాట్లాడే తల్లులు ఉండటమే దాని బలం.

ఇందులో ఒక పాఠం ఉన్నది. నోర్న్ భాషకు యాకోబ్సెన్ దొరికాడు, కాబట్టి 10,000 మాటలు పుస్తకంలో నిలిచినవి. ఆయన నలభై యేండ్లు ముందు వచ్చి ఉంటే మాటలే కాక వాక్యాలు కూడ దక్కేవి. నోర్న్‌కు సోదరి అయిన ఫారో భాషకు 1846లో హామెర్స్‌హైంబ్ అనే ఆయన వ్రాతపద్ధతి ఏర్పరచాడు. తరువాత అది బడిలో ప్రవేశించినది, ఈనాటికీ సజీవంగా ఉన్నది. ఒక తల్లి బిడ్డలయిన రెండు భాషలలో ఒకటి పోయి ఒకటి నిలవటానికి, వినేవారు సకాలంలో కలము పట్టటం కూడ ఒక కారణం.

తెలుగు మహాభాష, దానికి ఆ భయం లేదని అనుకోవచ్చును. భాషకు లేకపోయినా దానిలోని మాటలకు ఉన్నది. ఈ సంగతి గుర్తించి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ‘మాండలిక వృత్తిపదకోశం’ ప్రారంభించినది. వ్యవసాయపు మాటల సంపుటం 1962లో, చేనేత మాటల సంపుటం 1971లో వెలువడినవి. రైతును, నేతగానిని ఊళ్ళో కలిసి, పనిముట్టును చూపి, దాని పేరు అడిగి వ్రాసుకొన్న మాటలవి. వాడుకలో నుంచి తప్పుకొన్న పనిముట్ల పేర్లు ఇప్పుడు ఆ పుటలలో భద్రంగా ఉన్నవి.

మాధవాయిపాలెంలో మదపొలాం నేసినవారు ఆ బట్టను తమలో తాము ఏ పేరుతో పిలుచుకొన్నారో లిస్బన్ నిఘంటువులో దొరకదు. బయటివారు పెట్టిన పేరు నిలిచినది. కోనసీమలో దింపు తీసేవాడు, ఒలుపు పనివాడు, కురిడీ చేసే రైతు, వశిష్ఠ మీద గడ వేసే పడవవాడు వాడే మాటలు ఇంకా వారి నోళ్ళలో ఉన్నవి. వంతెనలు వచ్చినచోట పడవలు తగ్గుతాయి, పడవలతోపాటు వాటి మాటలూ తగ్గుతాయి. ఉన్నత పాఠశాల విద్యార్థి ఒక సెలవు దినాన నోటుపుస్తకంతో రేవుకు వెళ్ళి, పడవలోని ప్రతి భాగాన్నీ చూపి “దీనిని ఏమంటారండీ?” అని ముసలి పడవవానిని అడిగితే చాలు. మాట, దాని అర్థం, చెప్పినవారి ఊరు, అడిగిన తేదీ వ్రాసుకోవాలి. విన్నది విన్నట్లు వ్రాయాలి, సవరించరాదు. ఫూలా దీవిలో జార్జి లో తనకు అర్థం కాని భాషను విన్నది విన్నట్లు వ్రాయబట్టే, నోర్న్ భాషలో 35 చరణాలు ఈనాటికి మిగిలినవి.